ఆఫీసు మెయిల్ ఎవరి చేతిలో ఉంది?

‘‘జీమెయిల్ ఫ్రీగా ఉందిగా, మళ్లీ డబ్బులెందుకు?’’ చిన్న ఆఫీసు నడిపే ఎవరిని కదిపినా ఇదే మాట. నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌ని కాబట్టి బంధువుల కంప్యూటర్ కష్టాలన్నీ నా దగ్గరికే వస్తాయి (ప్రింటర్ మొరాయించినా నాకే ఫోన్!).

గుంటూరులో మిర్చి ఎగుమతి చేసే మా బాబాయి ఆఫీసులో తొమ్మిది మంది. అందరికీ కలిపి ఒకటే ఫ్రీ మెయిల్, ఒకటే పాస్‌వర్డ్. అదీ పాత అకౌంటెంట్ తన ఫోన్ నంబరుతో తెరిచింది. ఆయన ఉద్యోగం మానేశాడు. కొత్త కంప్యూటర్‌లో లాగిన్ అవుదామంటే ఓటీపీ ఆయనకే వెళ్తోంది. మంచివాడు కాబట్టి చెప్పాడు. చెప్పకపోతే? ఏళ్ల తరబడి ఆర్డర్లు, బిల్లులు అన్నీ అందులోనే ఉన్నాయి.

‘‘ఏ యాప్ మంచిదిరా?’’ అన్నారు బాబాయి. ‘‘యాప్ సంగతి తర్వాత బాబాయ్, ముందు అడ్రస్ మనది కావాలి’’ అన్నాను.

అంటే సొంత డొమైన్. మామూలు పేరైతే ఏడాదికి వెయ్యి రూపాయలు అటూఇటుగా అవుతుంది. అది ఉద్యోగి పేరు మీదో, వెబ్‌సైట్ చేసిన కుర్రాడి పేరు మీదో కాదు, యజమాని పేరు మీదే ఉండాలి. డొమైన్ మనదైతే రేపు మెయిల్ కంపెనీ మార్చినా అడ్రస్ మారదు. నంబరు మార్చకుండా సిమ్ కంపెనీ మారుతున్నాం చూడండి, అలాగన్నమాట.

ఇక ఏ కంపెనీ? వర్డ్, ఎక్సెల్ లేనిదే పూట గడవదంటే మైక్రోసాఫ్ట్ 365. జీమెయిల్‌కు చేతులు అలవాటైపోతే గూగుల్ వర్క్‌స్పేస్. ఖర్చు చూసుకోవాలంటే జోహో మెయిల్. సొంత సర్వర్ పెడదామని ఎవరైనా ఉత్సాహపడితే మాత్రం వద్దనండి, దాన్ని రాత్రీపగలూ కాపలా కాసే మనిషి కావాలి.

పాత కంప్యూటర్‌లో అవుట్‌లుక్ ‘పాప్’ పద్ధతిలో నడుస్తోంది. మెయిళ్లు ఆ ఒక్క మెషీన్‌లోకి దిగి, సెట్టింగ్‌ని బట్టి సర్వర్ నుంచి మాయమవుతాయి. హార్డ్‌డిస్క్ పోతే అంతే! ‘ఐమ్యాప్’ అయితే మెయిల్ సర్వర్‌లోనే ఉంటుంది, ఫోన్‌లోనూ లాప్‌టాప్‌లోనూ ఒకేలా కనిపిస్తుంది. అవుట్‌లుక్‌కు డబ్బు పెట్టడం ఇష్టంలేకపోతే థండర్‌బర్డ్ ఫ్రీయే.

అందరూ వదిలేసేది ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్. డొమైన్ సెట్టింగుల్లో రాసే చిన్న రికార్డులివి. ఈ మెయిల్ నిజంగా ఫలానా సంస్థదేనా అని అవతలి సర్వర్ వీటిని చూసే తేల్చుకుంటుంది. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో పట్టు బిగించాయి. ఇవి లేకపోతే మన కొటేషన్ స్పామ్‌లో పడొచ్చు. అంతకంటే భయం, మన పేరుతో ఇంకొకడు మెయిల్ పంపడం. ‘మా బ్యాంకు ఖాతా మారింది, ఈసారి డబ్బు ఇందులో వేయండి’ అని కొనుగోలుదారుడికి ఒక్క మెయిల్ వెళ్తే చాలు, కంటైనర్ సరుకు డబ్బు దొంగ చేతికి పోతుంది. ఒక్క అక్షరం తేడాతో వేరే డొమైన్ కొని పంపేవాళ్లను ఈ రికార్డులు కూడా ఆపలేవు. అందుకే ఖాతా మార్పు ఏదైనా తెలిసిన నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోవాల్సిందే. డబ్బు పోయిందంటే వెంటనే 1930కి కాల్ చేయాలి.

ఇప్పుడు తొమ్మిది మందికీ విడివిడి లాగిన్లు, రెండంచెల ధ్రువీకరణ. అడ్మిన్ తాళం బాబాయి దగ్గర, పిన్ని దగ్గర. పాత అకౌంటెంట్‌నే బతిమాలి ఆ ఐడీకి నంబరు మార్పించాం, వచ్చే మెయిల్ కొత్త అడ్రస్‌కు ఫార్వర్డ్ అయ్యేలా పెట్టాం. అడ్రస్ మారిందని కొనుగోలుదారులకు మెయిల్ పెట్టి ఊరుకోకుండా ఒక్కొక్కరికీ ఫోన్ చేయించాను. మోసగాళ్లు పంపేదీ అచ్చం అలాంటి మెయిలే మరి!