ఆపరేషన్ తర్వాత కాళ్లలో గడ్డకట్టే రక్తం

ఆపరేషన్ చేయించుకొని వచ్చినవారిని చూడబోయిన వాళ్లంతా ఒకటే మాట చెబుతారు: "లేవొద్దు, కదలొద్దు, పండుకో." ప్రేమతో చెప్పే మాటే. కానీ చాలా ఆపరేషన్ల తర్వాత డాక్టర్లు కోరేది దీనికి పూర్తిగా వ్యతిరేకం.

గాయమైనచోట రక్తం గడ్డకట్టడం మనకు రక్షణ. గాయం లేని కాలి లోపలి సిరలో గడ్డకడితే అదే ప్రమాదం. నడిచేటప్పుడు పిక్క కండరం బిగిసి వదులవుతూ, బోరు మోటారు నీళ్లను ఎత్తినట్టు, రక్తాన్ని పైకి తోస్తుంది. మంచం మీద కదలకుండా ఉంటే ఆ మోటారు ఆగినట్టే. పైగా కోత పడిన శరీరం రక్తస్రావం ఆపుకోవడానికి గడ్డకట్టే గుణాన్ని పెంచుకుంటుంది. కాలిలో పుట్టిన గడ్డ తెగి, గుండె గుండా వెళ్లి ఊపిరితిత్తుల రక్తనాళానికి అడ్డుపడితే నిమిషాల్లో ప్రాణం పోవచ్చు.

తుంటి, మోకాలు, పొట్ట, క్యాన్సర్ ఆపరేషన్లలో, లావుగా ఉన్నవారికి, గర్భిణులకు, బాలింతలకు ముప్పు ఎక్కువ. తమకు గానీ రక్తసంబంధీకులకు గానీ ఇదివరకు గడ్డకట్టి ఉంటే ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. గర్భనిరోధక మాత్రల సంగతి అత్తగారి ముందు చెప్పలేని కోడళ్లు డాక్టరుతో విడిగానైనా చెప్పాలి.

నివారణకు వాడే ముఖ్యమైన మందు హెపారిన్ ఇంజెక్షన్. లండన్‌లో పనిచేసిన భారతీయ సర్జన్ వి. వి. కక్కర్ నాయకత్వంలో 40 ఏళ్లు దాటిన 4,121 మంది ఆపరేషన్ రోగులపై జరిగిన పరిశీలన 1975లో వెలువడింది. ఊపిరితిత్తుల్లో గడ్డ అడ్డుపడి, హెపారిన్ ఇవ్వనివారిలో 16 మంది చనిపోగా, ఇచ్చినవారిలో ఇద్దరే చనిపోయారు. అయితే రక్తస్రావం భయం ఉన్నవారికి ఇది ఇవ్వరు. అలాంటివారికి బిగుతు మేజోళ్లు, కాళ్లను నొక్కి వదిలే గాలిపట్టీలు వాడతారు.

హెపారిన్‌ను ఎక్కువగా పంది పేగుల నుంచి తీస్తారు. ఇది తెలిసి మనవాళ్లలో కొందరు వెనకాడతారు. పూర్తిగా రసాయనికంగా తయారయ్యే ఫోండాపారినక్స్ కూడా ఉంది, కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నవారికి పనికిరాదు. ముందే డాక్టరును అడగండి. వేరే మందు కుదరకపోతే, ప్రాణావసరంలో నిషేధం సడలుతుందన్నది మన ఇళ్లలో పిల్లలకూ తెలిసిన సంగతే. ఎవరికీ చెప్పకుండా ఇంజెక్షన్ మానేయడం మాత్రం తగదు.

ఇక ఇంటివాళ్ల పని. డాక్టరు సరేనన్న వెంటనే, వీలైతే మొదటి రోజే, పట్టుకొని నాలుగడుగులు వేయించాలి. లేవలేనివారి చేత గంటగంటకూ పాదాలు పైకీ కిందికీ ఆడించాలి. వద్దనకపోతే నీళ్లు బాగా తాగించాలి. బెంగళూరు నుంచి కారులో తెచ్చేటప్పుడు చిక్కబళ్లాపురం దగ్గరా, బాగేపల్లి దగ్గరా ఆపి దించాలి. ఇంటికొచ్చాక కూడా కొన్ని వారాలు ముప్పు ఉంటుంది, ఇచ్చిన మందు చెప్పినన్ని రోజులూ వాడాలి.

ఒక కాలి పిక్క వాచి, నొప్పిగా, వేడిగా ఉంటే నూనె రాసి పిసకకండి, గడ్డ కదిలిపోవచ్చు. ఆడవాళ్లు కాలు చూపించడానికి సిగ్గుపడి రెండు మూడు రోజులు ఓర్చుకుంటారు. ఇంట్లో ఆడవాళ్లే అడిగి చూడాలి. అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లాలి. ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీ నొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే 108కి ఫోన్ చేయండి. ఏ ఆపరేషన్, ఏ తారీఖున అయిందో మొదటే చెప్పి, డిశ్చార్జి కాగితం వెంట తీసుకెళ్లండి.