‘గ్యాస్ అయిపోయింది సార్’: ఇంటి యంత్రాల చుట్టూ అపోహలు – వాస్తవాలు

మే నెలాఖరున రాయ్‌పూర్‌లో నౌతపా మొదలవుతుంది. సూర్యుడు రోహిణిలోకి వచ్చాక తొలి తొమ్మిది రోజులు. రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయని మనవాళ్ళు అనేది ఈ ఎండ గురించే. ఉష్ణోగ్రత 45 డిగ్రీలకు చేరిన ఆ రోజుల్లోనే ఏసీ చల్లబరచడం మానేస్తుంది, ఫ్రిజ్ మొరాయిస్తుంది, కూలర్ పంపు నీళ్ళు ఎక్కించదు. మెకానిక్ దొరకడు. దొరికితే అతను చెప్పిందే రేటు.

విజయనగరం నుంచి రాయగడ, టిట్లాగఢ్ మీదుగా వచ్చే రైలు మార్గం పట్టుకుని వచ్చి, వ్యాగన్ రిపేర్ షాపులోనో పక్కనే ఉన్న భిలాయి ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగాలు చేసి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. ఇంట్లో పెద్దాయన జీవితమంతా యంత్రాలతోనే గడిపి ఉంటాడు. అయినా ఏసీ ముందు నిలబడి మెకానిక్ ‘గ్యాస్ అయిపోయింది’ అనగానే పర్సు తీస్తాడు. వస్తువు నాసిరకం కావడం వల్ల పోయే డబ్బు కొంత. మెకానిక్ నోట వచ్చిన మొదటి మాటను ఎదురు ప్రశ్న లేకుండా ఒప్పుకోవడం వల్ల పోయేది అంతకంటే ఎక్కువని నా అభిప్రాయం. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవడానికి ఇంజనీరింగ్ చదవనక్కర్లేదు.

అపోహ: ఏసీలో గ్యాస్ ఏటా కొంత ఖర్చవుతుంది, వేసవికి ముందు నింపించాలి.

ఏసీ గ్యాస్ పెట్రోలు లాంటి ఇంధనం కాదు. అది మండి ఖర్చయిపోదు, ఆవిరై బయటికి పోదు. రాగి లేదా అల్యూమినియం గొట్టాల్లో గదికీ బయటి యూనిట్‌కీ మధ్య తిరుగుతూ వేడిని మోసుకుపోతుంది, అంతే. గొట్టాలు బాగుంటే ఏసీ బతికినంత కాలం అదే గ్యాస్ సరిపోతుంది. తగ్గిందంటే ఎక్కడో కారుతోందన్నమాట. చిల్లు వెతకకుండా గ్యాస్ కొట్టించడం పంక్చర్ వేయకుండా సైకిల్ ట్యూబుకు గాలి కొట్టించడమే. వచ్చే ఏడాది మళ్ళీ అదే మెకానిక్, అదే బిల్లు.

అసలు పద్ధతి ఇది. ముందు గొట్టాల్లోకి ఒత్తిడితో నైట్రోజన్ ఎక్కించి, జాయింట్ల దగ్గర సబ్బు నీళ్ళు రాసి, బుడగలు ఎక్కడ వస్తున్నాయో చూడాలి. చిల్లుకు బ్రేజింగ్ చేయాలి. తర్వాత వాక్యూమ్ పంపు పెట్టి లోపలి గాలి, తేమ లాగేయాలి. చివరగా యూనిట్ మీది స్టిక్కర్‌లో రాసినంత గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కించాలి. ఇప్పటి ఇళ్ళలోని ఏసీల్లో ఎక్కువగా ఉండే ఆర్‌-32 వాయువుకు మంట అంటుకునే గుణం కొద్దిగా ఉంది కాబట్టి ఈ వరస తప్పకూడదు. కాటా, వాక్యూమ్ పంపు లేకుండా సిలిండర్ ఒక్కటే భుజాన వేసుకుని వచ్చినవాడితో గ్యాస్ పని చేయించకండి.

పైగా చల్లదనం తగ్గిన ప్రతిసారీ గ్యాస్ తగ్గిందని కాదు. లోపలి ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోయినా గొట్టం మీద మంచు పేరుకుంటుంది. ఆ మంచునే చూపించి గ్యాస్ లేదనేవాళ్ళున్నారు.

అపోహ: ఏసీ చల్లబరచట్లేదు, మాటిమాటికీ ఆగిపోతోంది. అంటే కంప్రెసర్ పోయింది.

ఏసీ మీద రాసిన 1.5 టన్ను ఏ ఎండకు లెక్కో అమ్మేటప్పుడు ఎవరూ చెప్పరు. ఆ కొలత బయట 35 డిగ్రీలు ఉన్నప్పటిది. ఏసీలకు నక్షత్రాలు ఇవ్వడానికి వేసే వార్షిక లెక్క కూడా 24 నుంచి 43 డిగ్రీల దాకానే వెళ్తుంది. నౌతపాలో రాయ్‌పూర్ ఆ గీత దాటేస్తుంది. మిట్టమధ్యాహ్నం మేడ కింది గదిలో కొత్త ఏసీ కూడా చతికిలపడితే అందులో లోపం ఉండనక్కర్లేదు.

దీనికి ఊరి దుమ్ము తోడు. ఉరలా, సిల్తారా పారిశ్రామిక వాడల్లో స్పాంజ్ ఐరన్ ఫ్యాక్టరీలున్నాయి. మేడ మీద ఆరేసిన బట్టల మీద నల్లటి పొడి పడటం ఆ వైపు ఇళ్ళవాళ్ళకు అలవాటే. ఆ పొడే బయటి యూనిట్ రేకుల మధ్య అట్టకట్టి వేడిని బయటికి పోనివ్వదు. లోపల ఒత్తిడి పెరిగి కంప్రెసర్ కాగిపోతుంది. అప్పుడు దాన్ని కాపాడే ఓవర్‌లోడ్ స్విచ్ కరెంటు ఆపేస్తుంది. చల్లారాక మళ్ళీ నడుస్తుంది, మళ్ళీ ఆగుతుంది. మెయిన్ ఆపి, బయటి యూనిట్‌ను మామూలు ధారతో శుభ్రంగా కడిగితే ఈ జబ్బు చాలా ఇళ్ళలో కుదురుతుంది.

ఇన్వర్టర్ లేని పాత ఏసీల్లో కెపాసిటర్ అని డబ్బీలాంటి చిన్న భాగం ఒకటి ఉంటుంది. కంప్రెసర్‌ను తిప్పి నిలబెట్టేది అదే. ఎండకు, ఓల్టేజ్ ఎగుడుదిగుళ్ళకు ముందుగా పోయేదీ అదే. పోతే కంప్రెసర్ ‘గుంయ్’మని మూలిగి ఆగిపోతుంది. మార్చడానికయ్యేది వందల్లో, కంప్రెసర్ మార్చడానికయ్యేది వేలల్లో. కంప్రెసర్ పోయిందని ఎవరన్నా అడగాల్సినవి రెండే: కెపాసిటర్‌ను మీటర్‌తో చూశావా? కంప్రెసర్ వైండింగ్ రీడింగ్ ఎంత వచ్చింది? జవాబు తడబడితే ఇంకో మెకానిక్‌ను పిలవండి.

ఇన్వర్టర్ ఏసీల్లో ఈ బెడద పీసీబీ అనే సర్క్యూట్ బోర్డుకు చేరింది. కంపెనీవాళ్ళు బోర్డు మొత్తం మార్చాలంటారు. చాలాసార్లు పోయేది అందులో ఒక ఫ్యూజో, రిలేనో, ఎక్కువ ఓల్టేజ్ వచ్చినప్పుడు తాను కాలిపోయి మిగతావాటిని కాపాడే వేరిస్టరో. బోర్డు స్థాయిలో బాగుచేసే షాపులు రాయ్‌పూర్ లాంటి నగరాల్లో ఉన్నాయి. వారంటీ అయిపోయిన బోర్డును కొత్తది కొనేముందు అక్కడ ఒకసారి చూపించడం మంచిది.

అపోహ: పదేళ్ళ వారంటీ ఉంది, పదేళ్ళూ ఉచితం.

పదేళ్ళని పెద్ద అక్షరాల్లో కనిపించేది సాధారణంగా కంప్రెసర్‌కు మాత్రమే. మొత్తం వస్తువు మీద ఎక్కువగా ఏడాదే ఉంటుంది. ఏడో ఏట కంప్రెసర్ పోతే ఆ ఒక్క భాగం ఉచితంగా రావచ్చు. గ్యాస్, రవాణా, బిగింపు కూలీ, విజిటింగ్ ఛార్జీలు మీ ఖాతాలోకి రావచ్చు. షాపులో అంటగట్టే ఎక్స్‌టెండెడ్ వారంటీ చాలాచోట్ల తయారీ కంపెనీ ఇచ్చేదే కాదు, మధ్యలో వేరే సంస్థ అమ్ముకునేది. ఫిర్యాదు ఎవరికి చేయాలో కొనేముందే కాగితంలో చూసుకోండి.

అపోహ: ‘స్టెబిలైజర్ అక్కర్లేదు’ అని రాసుంది కదా, ఇక భయం లేదు.

ఫలానా ఓల్టేజ్ నుంచి ఫలానా ఓల్టేజ్ దాకా అని పక్కనే చిన్న అక్షరాల్లో ఉంటుంది. మన ఇళ్ళకు రావాల్సింది 230 ఓల్టులు. గాలివానకు వీధిలో న్యూట్రల్ వైరు తెగితే కొన్ని ఇళ్ళలోకి అది 400 దరిదాపుల దాకా ఎగబాకుతుంది. ఆ క్షణంలో స్టిక్కర్ ఏమీ చేయలేదు. ఎక్కువ ఓల్టేజ్‌కు లైను కోసేసే సాధనం, మంచి ఎర్తింగ్ కావాలి. కరెంటు పోయి వెంటనే వస్తే కంప్రెసర్ ఉన్న ఏ వస్తువునైనా మూడు నిమిషాలు ఆగి వేయడం పాత సలహానే, ఇప్పటికీ పనికొస్తుంది.

అపోహ: ఫ్రిజ్ పక్కలు కాలుతున్నాయంటే చెడిపోతోంది.

కొత్త ఫ్రిజ్‌లలో వేడి వదిలే గొట్టాలు పక్క గోడల్లోనే ఉంటాయి. వేడెక్కడం మామూలే. పైన ఫ్రీజర్‌లో మంచు గడ్డకడుతూ కింద పాలు విరిగిపోతుంటే గ్యాస్ జోలికి వెళ్ళకండి. మంచు కరిగించే హీటరో, సెన్సరో, ఫ్యానో పనిచేయట్లేదు. ఆర్‌-600ఏ అనే వాయువు వాడే ఇంటి ఫ్రిజ్‌లలో గ్యాస్ మొత్తం సాధారణంగా వంద గ్రాముల లోపే. ‘అరకేజీ పట్టింది’ అని బిల్లు వస్తే నవ్వి, స్టిక్కర్ చూపించండి.

అపోహ: కూలర్ ముట్టుకుంటే జివ్వుమంటుంది, చెప్పులేసుకుంటే చాలు.

ఇది డబ్బుకు సంబంధించింది కాదు, ప్రాణానికి సంబంధించింది. ఇనుప డబ్బా, నిండా నీళ్ళు, నీళ్ళలో మునిగిన పంపు, ఎండకు పెళుసెక్కిన వైరు. కరెంటు డబ్బాలోకి పాకడానికి ఇంతకన్నా ఏం కావాలి? జివ్వుమనడం దాని అలవాటని ఇంట్లో సర్దుకుపోతారు. ఒకరోజు తడి కాళ్ళతో ఏ పిల్లవాడో పట్టుకుంటాడు. మూడు పిన్నుల ప్లగ్గు, ఇంటికి నిజమైన ఎర్తింగ్, మెయిన్ దగ్గర 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ, ఈ మూడూ ఉండాలి. ఒంట్లో కరెంటు ప్రవహించడం మొదలైన క్షణంలోనే ఆర్‌సీసీబీ లైను కోసేస్తుంది. మామూలు ఎంసీబీ ఆ పని చేయదు. నీళ్ళు పోసేముందు ప్లగ్గు పీకేయాలి, స్విచ్ ఆపితే సరిపోదు.

కిటికీలు మూసి కూలర్ వేసుకుని ‘ఉక్కపోస్తోంది, పాడైంది’ అనేవాళ్ళూ ఉన్నారు. తడిగాలి బయటికి పోయే దారి ఉంటేనే అది చల్లబరుస్తుంది. జూన్ మధ్యలో వానలు తగిలాక ఏ కూలరూ అంతగా పనిచేయదు, దానికి మెకానిక్ అక్కర్లేదు.

అపోహ: కరెంటు పెడితే మా కుళాయి నీళ్ళు గోధుమరంగు మురికిగా మారాయి, ఆర్వో పెట్టించక తప్పదు.

రెండు గ్లాసులతో గుమ్మంలోకి వచ్చే సేల్స్ కుర్రాడి ప్రదర్శన ఇది. ఒక దాంట్లో మీ నీళ్ళు, ఇంకో దాంట్లో ఆర్వో నీళ్ళు. రెండిట్లోనూ లోహపు కడ్డీలు పెట్టి కరెంటు ఇస్తాడు. మీ నీళ్ళు బురద రంగు తిరుగుతాయి. ఆ బురద నీళ్ళలోంచి వచ్చింది కాదు, కడ్డీ ఇనుము కరిగి తుప్పై తేలింది. లవణాలున్న నీటిలో కరెంటు ప్రవహిస్తుంది కాబట్టి కడ్డీ కరిగింది. లవణాలు తీసేసిన నీటిలో దాదాపుగా ప్రవహించదు, అందుకే ఆ గ్లాసు తేటగా ఉంది. ఆర్వో నీళ్ళలో చిటికెడు ఉప్పు వేసి మళ్ళీ చేయమనండి, రంగు మారడం మీ కళ్ళతో మీరే చూస్తారు.

రాయ్‌పూర్ మున్సిపల్ నీళ్ళు ప్రధానంగా ఖారున్ నది నుంచి శుద్ధి అయి వస్తాయి. బోరు నీళ్ళ కథ వేరు, వాటిలో లవణాలు ఎక్కువుండొచ్చు. తాగునీటిలో కరిగిన లవణాలకు (టీడీఎస్) భారతీయ ప్రమాణం చెప్పే హద్దు లీటరుకు 500 మిల్లీగ్రాములు. అంతకన్నా తక్కువున్నచోట ఆర్వో వాడకాన్ని నిషేధించాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 మేలో పర్యావరణ శాఖకు చెప్పింది. టీడీఎస్ మీటర్ కూడా లవణాలనే కొలుస్తుంది, క్రిములను చూపించదు. ముందు నీళ్ళను ల్యాబులో పరీక్ష చేయించండి. మీకు యూవీ ఫిల్టర్ చాలేమో, అప్పుడు ఏటేటా మెంబ్రేన్ మార్చే ఖర్చూ తప్పుతుంది, నీళ్ళ వృథా కూడా తప్పుతుంది.

అపోహ: ఇంటర్నెట్‌లో మొదట కనిపించేదే కంపెనీ నంబరు.

ఆ స్థానాన్ని డబ్బిచ్చి కొనొచ్చు. దాంట్లో ఉన్నది మోసగాడే కావచ్చు. ‘పది రూపాయలు రిజిస్ట్రేషన్’ అని లింకు పంపినా, ఫోనులో ఏదైనా యాప్ వేసుకోమన్నా వెంటనే ఫోన్ పెట్టేయండి. నంబరును బిల్లు మీదో, వస్తువు మీది స్టిక్కర్‌లోనో, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో చూడండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

అపోహ: పాత వస్తువులు కలకాలం ఉండేవి, ఇప్పటివన్నీ చెడిపోవడానికే చేస్తున్నారు.

ఇందులో సగం నిజముంది, అందుకే ఇది గట్టిగా నాటుకుపోయింది. 1942లో మొదలైన హైదరాబాద్ ఆల్విన్ కంపెనీ చేసిన ఫ్రిజ్ ఇంకా నడుస్తోందని గర్వంగా చెప్పుకునే ఇళ్ళున్నాయి. నడవక పాత ఇనుముకు వెళ్ళిపోయిన ఆల్విన్‌ల గురించి చెప్పుకునేవాళ్ళుండరు కదా! బతికినవే మన కంటపడతాయి. ఆ రోజుల్లో జీతానికి ఫ్రిజ్ ఎంత భారమో, అది ఎంత కరెంటు తాగేదో కూడా మరిచిపోతాం.

కావాలని ఆయుష్షు తగ్గించిన చరిత్రా ఉంది. 1924 డిసెంబరులో జెనీవాలో యూరప్, అమెరికాల పెద్ద బల్బు కంపెనీలు ఫీబస్ అనే కూటమి కట్టి, బల్బు వెయ్యి గంటలకు మించి వెలగకూడదని ఒప్పుకున్నాయి. మించి వెలిగేవి తయారుచేసిన సభ్యులకు జరిమానాలు వేశాయి. ఇప్పటి కిటుకు దానికన్నా సులభం. విడిభాగం అమ్మకపోతే చాలు, వస్తువు దానంతటదే చస్తుంది.

అందుకే యూరప్‌లో 2021 మార్చి నుంచి వాషింగ్ మెషీన్ల విడిభాగాలు పదేళ్ళు, ఫ్రిజ్‌లవి ఏడేళ్ళు దొరికేలా చూడాలని నిబంధన పెట్టారు. ఫ్రాన్స్ ఆ ఏడాది జనవరి నుంచే కొన్ని రకాల వస్తువుల మీద బాగుచేయడం ఎంత తేలికో పదికి మార్కులు వేసి రాయిస్తోంది. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరు 24న ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ తెరిచింది. కంపెనీల సర్వీసు వివరాలు, మాన్యువల్ సమాచారం అందులో ఉన్నాయి. మంచి పనే. కానీ పోర్టల్ చట్టం కాదు. విడిభాగం ఇవ్వనన్న కంపెనీని అది కట్టడి చేయలేదు. ఇంట్లో వాడే వస్తువుల విడిభాగాలకు కూడా యూరప్‌లో ఉన్నట్టు కాలపరిమితి పెట్టాల్సిందే.

అపోహ: కంపెనీ కుదరదంది, ఇక చేసేదేం లేదు. కోర్టుకెక్కితే లాయరు ఫీజే ఎక్కువ.

2020 జులై 20 నుంచి అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మీరు నివసించే జిల్లాలోనే కేసు వేయొచ్చు. కంపెనీ ప్రధాన కార్యాలయం ముంబైలో ఉన్నా రాయ్‌పూర్‌లో వేయొచ్చు. వస్తువు ధర 5 లక్షల లోపైతే ఫీజు లేదు. లాయరు తప్పనిసరి కాదు, మీ వాదన మీరే వినిపించుకోవచ్చు, ఆన్‌లైన్‌లోనూ దాఖలు చేయొచ్చు. అంతకన్నా ముందు జాతీయ హెల్ప్‌లైన్ 1915కి చెప్పుకుంటే చాలా గొడవలు అక్కడే తేలిపోతాయి. గడువు మాత్రం గొడవకు కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్ళు. ఆ తేదీ రుజువు చేసేది బిల్లు, మెకానిక్ రాసిచ్చిన జాబ్ షీటు. అందుకే రిపేరు మొదలుపెట్టకముందే ఏం చేస్తారో, ఎంతవుతుందో కాగితం మీద రాయించుకోండి. మార్చిన పాత భాగాన్ని అడిగి తీసుకోండి. ఇవ్వనంటే ఆ మాట కూడా జాబ్ షీటు మీద రాసి సంతకం పెట్టమనండి.