పాత నేలపై కొత్త నగరం: మట్టి, భూగర్భజలాల రక్షణ

నగరాలు పెరిగేకొద్దీ ఒకప్పుడు ఊరి వెలుపల ఉన్న కర్మాగారాలు ఊరి నడుమకు రావడం సహజం. కాలక్రమాన అవి మూతపడతాయి. యంత్రాలను తరలిస్తారు, షెడ్లను కూలుస్తారు. విలువ పెరిగిన ఆ స్థలంలో గృహసముదాయాలు, పాఠశాలలు, ఆసుపత్రులు వెలుస్తాయి. కొత్త భూమిని, ముఖ్యంగా పంటభూమిని ఆక్రమించకుండా పాత స్థలాన్నే తిరిగి వినియోగించుకోవడం అభిలషణీయమే. అయితే కర్మాగారం వెళ్ళిపోయినంత మాత్రాన అది నేలలో విడిచిన విషం వెళ్ళిపోదు. ఈ సత్యాన్ని విస్మరించి కట్టిన ఇంటికి పునాది ఎంత గట్టిదైనా అందులో నివసించేవారి ఆరోగ్యానికి భద్రత ఉండదు.

భోపాల్ నేర్పిన పాఠం

1984 డిసెంబరు 2-3 తేదీల నడిరాత్రి భోపాల్‌లో యూనియన్ కార్బైడ్ పురుగుమందుల కర్మాగారం నుండి విషవాయువు వెలువడి వేలాది ప్రాణాలను బలిగొన్న సంగతి విదితమే. ఆ దుర్ఘటనకు ముందు నుంచే అక్కడ మరొక ప్రమాదం నిశ్శబ్దంగా పెరుగుతూ వచ్చింది. ఉత్పత్తి సాగిన కాలంలో వ్యర్థాలను ఆవరణలోని గోతులలోను, వెలుపలి ఆవిరి చెరువులలోను వేశారు. అవి క్రమంగా మట్టిలోకీ, అక్కడి నుండి నీటిలోకీ ఇంకాయి. చుట్టుపక్కల బస్తీల ప్రజలు చేతిపంపుల ద్వారా తాగినది ఆ నీటినే. వారికి పరిశుభ్రమైన తాగునీరు సరఫరా చేయవలసిందిగా 2004లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

ఆ స్థలాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగు పరిశోధనా సంస్థ, హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ పరిశీలించాయి. శుద్ధి చేయవలసిన మట్టి సుమారు 11 లక్షల టన్నులని 2010లో అంచనా వేశారు. 2025 జనవరిలో ఆవరణ నుండి పీథంపూర్‌కు తరలించి, అనంతరం దహనం చేసినది నిల్వ ఉన్న 337 టన్నుల వ్యర్థం మాత్రమే. ఈ రెండు అంకెలను పక్కపక్కన ఉంచి చూస్తే, కంటికి కనిపించే వ్యర్థం కంటె నేలలో కలిసిపోయినది ఎంత పెద్ద సమస్యో బోధపడుతుంది.

విషం ఎలా ప్రయాణిస్తుంది?

అన్ని రసాయనాల స్వభావమూ ఒకటి కాదు. సీసం సాధారణంగా పైమట్టిని అంటిపెట్టుకుని ఉంటుంది; దుమ్ముగా లేచి, నేలపై ఆడుకునే పిల్లల నోటికి చేరుతుంది. తోళ్ళ పరిశ్రమకు అవసరమైన రసాయనాల తయారీలో మిగిలే క్రోమియంలో ఒక రూపం నీటిలో సులభంగా కరిగి దూరం పోతుంది. పెట్రోలు భూగర్భజలంపై తేలుతుంది. క్లోరిన్ కలిసిన ద్రావకాలు నీటికంటె బరువైనవి కనుక అట్టడుగుకు దిగి, ఏళ్ళ తరబడి కొంచెం కొంచెంగా కరుగుతూ ఉంటాయి.

నేల స్వభావం కూడా ముఖ్యమే. తెలంగాణ, రాయలసీమలలో అధికభాగం గట్టిరాతి నేల. అక్కడ నీరు రాతి పగుళ్ళ వెంట సాగుతుంది. అందుచేత దగ్గరి బావిలో నీరు బాగుండి, దూరాన ఉన్న బోరుబావి పాడైపోవచ్చును. ఒక్క బావిని పరీక్షించి అంతా క్షేమమని నిశ్చయించుకోవడం తగదు.

ప్రమాదం ఏర్పడడానికి మూడు అంశాలు కలియాలి: విషానికి మూలం, అది ప్రయాణించే దారి, దాని బారిన పడే మనిషి లేదా జలవనరు. వీటిలో ఏ ఒక్కదానిని తొలగించినా ప్రమాదం తప్పుతుంది. శుద్ధి విధానాలన్నీ ఈ సూత్రంపైనే ఆధారపడి ఉన్నాయి.

నిర్మాణానికి ముందు

మొదట ఆ స్థలం చరిత్రను సేకరించాలి. పాత పటాలు, లైసెన్సు కాగితాలు, అక్కడ పనిచేసిన కార్మికుల జ్ఞాపకాలు ఎంతో ఉపకరిస్తాయి. నూనె తొట్లు ఎక్కడ ఉండేవి, వ్యర్థాన్ని ఏ మూల పాతిపెట్టారు అన్న సంగతి పాత కార్మికునికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. తరువాత పలుచోట్ల, పలు లోతుల మట్టిని తీసి పరీక్షించాలి. పరిశీలక బోర్లు వేసి నీటిమట్టాన్ని, ప్రవాహ దిశను, నీటి గుణాన్ని ఎండకాలంలోను వానాకాలంలోను గమనించాలి.

ఫలితాలను బట్టి చికిత్స నిర్ణయమవుతుంది. మట్టిని తవ్వి సురక్షిత స్థలానికి తరలించవచ్చును. కడిగి తిరిగి వాడవచ్చును. సూక్ష్మజీవుల సాయంతో నూనెలను విచ్ఛిన్నం చేయవచ్చును. నీటిని తోడి శుద్ధి చేయవచ్చును. 2012 ఒలింపిక్ క్రీడల కోసం లండన్ తూర్పు భాగంలో పాత పారిశ్రామిక భూమిని సిద్ధం చేసినప్పుడు సుమారు 20 లక్షల టన్నుల మట్టిని తవ్వి, అందులో 80 శాతం వరకు శుద్ధిచేసి అక్కడే వినియోగించారు. తవ్విన మట్టి యావత్తూ మరొక ఊరికి బరువు కానక్కరలేదని ఈ అనుభవం చాటుతున్నది.

నిర్మాణం సాగుతున్నప్పుడు

పని మొదలైన తరువాత జాగ్రత్త మరింత అవసరం. సెల్లారు కోసం నీటిని తోడినప్పుడు చుట్టుపక్కల కలుషిత జలం ఆ వైపునకే మళ్ళుతుంది. తోడిన నీటిని పరీక్షించకుండా వాననీటి కాలువలోకి వదిలితే అది చెరువుకు చేరుతుంది. లోతైన పునాది స్తంభాలు బంకమట్టి పొరను చీల్చుకుని పోతే, అంతవరకు పైనే నిలిచిన విషానికి కింది జలాలకు దారి ఏర్పడుతుంది. కలుషితమైన మట్టి కుప్పలను కప్పి ఉంచాలి, దుమ్ము లేవకుండా తడపాలి, లారీల చక్రాలను కడిగి పంపాలి. ఆ మట్టిని పల్లపు భూములు పూడ్చడానికి అమ్మడం సమస్యను మరొక బస్తీకి అంటగట్టడమే. వింత వాసన గాని, రంగు మారిన మట్టి గాని, పాతిన పీపా గాని బయటపడితే పని వెంటనే ఆపాలి. ఈ ప్రమాదానికి మొదట గురయ్యేది మట్టి తవ్వే కూలీలే కనుక చేతి తొడుగులు, బూట్లు, కడుక్కోవడానికి నీరు వారికి తప్పనిసరిగా సమకూర్చాలి.

చట్టం, పౌరుడు

కాలుష్యం కలిగించినవారే మూల్యం చెల్లించాలన్న సూత్రాన్ని రాజస్థాన్‌లోని బిచ్ఛ్రీ గ్రామపు బావుల కేసులో 1996లో సుప్రీంకోర్టు దృఢంగా చాటింది. కలుషిత స్థలాల నిర్వహణకు కేంద్రప్రభుత్వం 2025 జూలైలో ప్రత్యేక నియమాలను ప్రకటించింది. అనుమానిత స్థలాలను జిల్లా యంత్రాంగం, స్థానిక సంస్థలు గుర్తించి తెలియజేయడం, వాటిని పరిశీలించి నిర్ధారించడం, బాధ్యులచేత శుద్ధి వ్యయాన్ని భరింపజేయడం వీటిలోని ముఖ్యాంశాలు.

అయితే నియమాలు కాగితంపై ఉన్నంత మాత్రాన నేల శుభ్రపడదు. ఇల్లు కొనేవారు పట్టాను, నిర్మాణ అనుమతిని చూచినట్లే ఆ నేల పూర్వచరిత్రను కూడా అడగాలి. పరీక్షా ఫలితాలను పురపాలక సంఘాలు అందరికీ అందుబాటులో ఉంచాలి. కట్టడం పూర్తయిన తరువాత కూడా కొన్నేళ్ళపాటు నీటిని పరీక్షిస్తూ ఉండాలి. ముందుగా చేసే పరీక్షకు అయ్యే ఖర్చు స్వల్పం. విషం నీటిలో కలిసిన పిమ్మట చేసే చికిత్సకు తరాలు పట్టవచ్చును. రేపటి బిడ్డ ఆడుకోబోయే నేలను ఈనాడే పరీక్షించుకోవడం మన కనీస ధర్మం.