లేచి కూర్చుంటే తగ్గే మంట

రాత్రి పదిన్నరకు బిర్యానీ తిని పదకొండుకల్లా మంచమెక్కితే, ఒంటిగంట వేళ పుల్లటి నీళ్లు గొంతులోకి ఎగదన్నుతాయి. లేచి కూర్చుంటే కాస్త నయమనిపిస్తుంది. జబ్బు గుట్టంతా ఆ లేచి కూర్చోవడంలోనే ఉంది.

అన్నవాహిక జీర్ణాశయంలో కలిసేచోట ఉంగరంలాంటి కండరం ఉంటుంది. ముద్ద దిగేటప్పుడు వదులై, దిగాక బిగుసుకుంటుంది. వేళకాని వేళ వదులైతే ఆమ్లం పైకొస్తుంది. దాన్ని తట్టుకునే జిగురుపొర జీర్ణాశయానికి ఉంది, అన్నవాహికకు అంతగా లేదు. అందుకే మంట. చాలామందిలో ఆమ్లం మరీ ఎక్కువగా ఊరదు, ఉండాల్సిన చోట ఉండదు, అంతే.

కాబట్టి నేరమంతా ఆవకాయ మీదికి నెట్టడం అన్యాయం. కారం కొందరికి పడదు, కొందరికి ఏమీ కాదు. ఎవరికి ఏది పడదో వాళ్లే కనిపెట్టి మానుకోవాలి. రాత్రి భోజనానికీ పడకకూ మధ్య మూడు గంటలు ఉంచడం, పెరిగిన బొజ్జ తగ్గించడం, సిగరెట్ మానడం మాత్రం చాలామందికి పనికొస్తాయి. ఎడమ పక్కకు తిరిగి పడుకుంటే జీర్ణాశయం దిగువన ఉండి ఆమ్లం తేలిగ్గా పైకి రాదు. రెండు దిండ్లు వేసుకుంటే మెడ వంగుతుందే తప్ప పెద్దగా లాభం లేదు. మంచం తలవైపు కోళ్ల కింద ఇటుకలు పెట్టి 15 నుంచి 20 సెంటీమీటర్లు ఎత్తాలి.

ఇక మనం 'గ్యాస్ మాత్ర' అనే ఒమెప్రజోల్, పాంటొప్రజోల్. జీర్ణాశయం గోడల్లో ఆమ్లాన్ని వదిలే పంపులు తిండి పడగానే పని మొదలెడతాయి. ఈ మందు పనిలో ఉన్న పంపులనే ఆపగలదు. అందుకే తినడానికి అరగంట ముందు వేసుకోమంటారు. మంట పుట్టాక మింగి 'పనిచేయలేదు' అంటే అది మాత్ర తప్పు కాదు. అప్పటికప్పుడు ఉపశమనానికి యాంటాసిడ్ సిరప్ ఉంది. నెలల తరబడి వాడిన మాత్రను ఒక్కసారిగా ఆపితే కొన్నాళ్లు ఆమ్లం మునుపటికంటే ఎక్కువగా ఊరవచ్చు. జబ్బు తిరగబెట్టిందనుకుని మళ్లీ మొదలుపెట్టేవాళ్లు ఎందరో! డాక్టర్‌ను అడిగి మెల్లగా తగ్గించుకోవాలి.

ముద్ద మింగుడు పడకపోయినా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, విరేచనం తారులా నల్లగా అవుతున్నా సొంతవైద్యం మాని డాక్టర్ దగ్గరకు వెళ్లాలి. ఎండోస్కోపీ అవసరం కావచ్చు.

ఛాతీ బిగుసుకుపోయి, చెమటలు పోసి, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకుతుంటే మాత్రం సోడా కోసం వెతకొద్దు. 108కి ఫోన్ చేయండి. గ్యాసో గుండెపోటో ఈసీజీ చూసి డాక్టర్లు తేలుస్తారు.