ఈ వేసవికైనా వేటపాలెం వెళ్తామా?

మొన్న మా ఇంట్లో పప్పు మాడింది. మాడటం కొత్తేమీ కాదు గానీ, ఈసారి ఎందుకు మాడిందో ఇంటిల్లిపాదికీ తెలిసిపోయింది. తప్పంతా వేరుశెనగగుళ్ల పొట్లానిది.

అంగట్లో గుళ్లు పొట్లం కట్టిచ్చిన కాగితం ఏదో పాత వారపత్రికలోది. గుళ్లు డబ్బాలో పోసి, కాగితం పారేయబోతూ అలవాటుకొద్దీ ఓ కన్నేశాను. ఏదో కథ. ఒక కోడలు అలిగి ఇంట్లోంచి వెళ్లిపోయింది. రైలుస్టేషన్‌కు వెళ్లి టిక్కెట్టు కొనుక్కుంది. బండి వస్తున్న చప్పుడైంది. అంతే, అక్కడ కాగితం అయిపోయింది! వెనక్కి తిప్పి చూస్తే తలనూనె ప్రకటన. ఆ పిల్ల బండి ఎక్కిందా లేదా అని ఆలోచిస్తూ పొయ్యి ముందు ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

“అమ్మా, మళ్లీ వెళ్లిపోయావా?” అంటూ మా పెద్దది వచ్చి పొయ్యి కట్టేసింది. మా ఇంట్లో ‘వెళ్లిపోవడం’ అంటే ఊరు వెళ్లడం కాదు, ఉన్నచోటనే ఉండి పగటికలలు కనడం. ఆ విద్యలో నన్ను మించినవాళ్లు మా వీధిలో లేరు.

అది నా తప్పు కూడా కాదు. మాది చీరాల పక్కన నేతపని చేసుకునే ఊరు. మావారు మగ్గం గుంటలో దిగితే, నేను రాట్నం ముందు కూర్చుని కండెలు చుడతాను. ఒక చెయ్యి రాట్నం తిప్పుతుంటుంది, ఇంకో చెయ్యి నూలు పట్టుకుంటుంది. చేతులకు పని ఉంది సరే, బుర్ర సంగతేమిటి? అది ఊరికే కూర్చోదు కదా!

నాకు తరచూ వచ్చే కల ఒకటుంది. నేనొక గ్రంథాలయంలో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంటాను. నడుముకు తాళాలగుత్తి. ఊళ్లోవాళ్లంతా వచ్చి, “అమ్మా, ఫలానా పుస్తకం ఉందా?” అని వినయంగా అడుగుతుంటారు. అట్ట చింపి తెచ్చినవాళ్లకు నాలుగు చీవాట్లు పెడతాను. మధ్యాహ్నం అందరూ వెళ్లాక తలుపు దగ్గరకు వేసుకుని నాక్కావలసింది చదువుకుంటాను. పప్పు పొయ్యి మీద ఉండదు. అసలు ఆ కలలో పొయ్యే ఉండదు.

ఇంకో కల పడవది. ఇదైతే పూర్తిగా కల కాదు, కొంత నిజం. 1935లో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి, కొల్లూరు, పెదవడ్లపూడి మధ్య కాలువ వెంట ఊరూరికీ తిప్పారు. రేవులో పడవ ఆగేదట, జనం వచ్చి పుస్తకాలు తీసుకునేవారట. ఆ పడవను నేను కొమ్మమూరు కాలువలోకి మళ్లించి మన వైపు తీసుకొస్తుంటాను. సరిగ్గా రేవుకు చేరే వేళకు ఇక్కడ నూలు పుటుక్కున తెగుతుంది. నూలు తెగినప్పుడల్లా నేను ఇంటికి తిరిగొస్తాను.

ఏప్రిల్ ఆఖరి వారంలో బడులు మూసేస్తే, మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. ఇంచుమించు యాభై రోజులు! ఈ యాభై రోజుల్లో ఏమేం చెయ్యాలో ఏటా క్యాలెండరు వెనక రాసుకుంటాను. పోయినేడు రాసింది ఇంకా మేకుకు వేలాడుతూనే ఉంది. పిల్లల్ని ఓడరేవు సముద్రానికి తీసుకెళ్లడం, పెద్దదానికి జాకెట్టు కుట్టడం నేర్పించడం, చిన్నాడిచేత రోజూ ఒక పేజీ చదివించడం, వేటపాలెం లైబ్రరీ చూపించడం, ఆవకాయ. వీటిలో జరిగింది ఆవకాయ ఒక్కటే. కాయలు ముదిరాక ఆగవు, ముక్కలు కొట్టాక అసలే ఆగవు. సముద్రం ఆగుతుంది. లైబ్రరీ 1918 నుంచీ అక్కడే ఉంది, ఇంకో ఏడాది ఉండదా అనుకుంటాం.

ప్రయాణాల విషయంలో మా అత్తగారే నయం. ఆమె పుట్టినప్పుడు మా ఊరు గుంటూరు జిల్లాలో ఉండేది. 1970లో ఒంగోలు జిల్లా వచ్చి, 1972లో దానికే ప్రకాశం అని పేరు పెట్టారు. 2022లో బాపట్ల జిల్లా అయింది. “కాలు కదపకుండా మూడు జిల్లాలు తిరిగా, ఇంకేం చూపిస్తావులే,” అంటుంది నాతో.

ఇక పిల్లల చదువు. నా చిన్నప్పుడు వేసవి అంటే చందమామే. అమ్మమ్మ ఊళ్లో ఒకే కాపీ వచ్చేది, ఆరుగురం పిల్లలం. ఒకరు గట్టిగా చదవాలి, మిగతావాళ్లు బొమ్మలు చూడాలి. 1947 జూలైలో మొదలైన ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. వస్తే మాత్రం మావాడు చూస్తాడా? వాడి కళ్లు సెల్‌ఫోన్‌కు అతుక్కున్నాయి. “పుస్తకం చదవరా” అంటే మందు తాగమన్నట్టు మొహం పెడతాడు.

అటువంటివాడిని ఆ పొట్లం కాగితమే కదిలించింది. పప్పు మాడిన రాత్రి ఆరుబయట పడుకున్నప్పుడు, ఆ కథ ఉన్నంతవరకూ చెప్పి ఊరుకున్నాను.

“తర్వాత?” అన్నాడు.

“ఏమో, కాగితం అయిపోయింది.”

వాడికి ఒళ్లు మండిపోయింది. కాసేపు దొర్లి, ఆ పిల్ల మద్రాసు వెళ్లి సినిమాల్లో చేరిందని వాడే తేల్చేశాడు. మా పెద్దది ఒప్పుకోలేదు. ఆమె హైదరాబాదు వెళ్లి ఉద్యోగం చూసుకుందని దాని వాదన. మావారు మంచం మీద నుంచే, “మొగుడు స్టేషన్‌కు వచ్చి బతిమాలి తీసుకెళ్లి ఉంటాడు,” అన్నారు. తమ గురించే చెప్పుకుంటున్నారనుకోండి!

అప్పుడు మా అత్తగారు మెల్లగా అంది. “ఆ పిల్ల ఎక్కడికీ పోదు. బండి ఎళ్లిపోయిందాకా బల్ల మీద కూర్చుని, తిరిగి ఇంటికొచ్చుద్ది. నేనూ అట్టాగే చేశా.”

అందరం లేచి కూర్చున్నాం. పాతికేళ్ల కాపురంలో నేను వినని మాట అది.

1977 నవంబరు 19న పెద్ద గాలివాన వచ్చింది కదా, అప్పటికి ఆమెకు పెళ్లయి మూణ్ణెల్లు. దివిసీమలో వేలమందిని పొట్టన పెట్టుకున్న తుపాను మన తీరాన్నీ వదల్లేదు. మా ఇంటి పైకప్పు ఎగిరిపోయింది. మగ్గం గుంట నిండా నీళ్లు. మగ్గం మీదున్న పడుగంతా పాడైపోయింది. ఆ తర్వాత నెలల తరబడి పని లేదు, ఇంట్లో అందరికీ అందరి మీదా కోపమే. ఆ కోపంలోనే ఒకరోజు పుట్టింటికి పోదామని చీరాల స్టేషన్‌కు నడిచి వెళ్లిందట. టిక్కెట్టు కొని, బండి వచ్చి వెళ్లేదాకా చూస్తూ కూర్చుని, సాయంత్రానికి ఇంటికి వచ్చిందట. ఎవరూ ఎక్కడికి వెళ్లావని అడగలేదట.

“ఆ గాలి సంగతి అప్పుడు పేపర్లలో బాగా రాశారంట. మనింట్లో చదివేవాళ్లెవరు? ఏం రాశారో ఎప్పుడూ వినలేదమ్మాయ్,” అంది.

పాత పేపర్లంటే నాకు వేటపాలెం సారస్వత నికేతనమే గుర్తొస్తుంది. చిన్నప్పుడు మా నాన్న వెంట వెళ్లాను. బీరువాల నిండా పుస్తకాలు, కట్టలు కట్టిన పాత పత్రికలు. గాంధీగారు 1929లో వచ్చి శంకుస్థాపన చేసిన చోటు అది. ఆయన చేతికర్ర కూడా అక్కడ దాచి ఉంచారు. “అక్కడికి పోదాం అత్తయ్యా, ఆ నాటి పేపరు అడిగి నేను చదివి వినిపిస్తా,” అన్నాను.

“నాకు అక్షరం ముక్క రాదు, నన్ను రానిస్తారా?” అంది.

ఆ మాటకు నాకు నవ్వు రాలేదు. ఇన్నేళ్లూ వేటపాలెం సంత దాకా వెళ్లొచ్చిన మనిషి, ఆ వీధిలోకి ఎందుకు తిరగలేదో అప్పుడు అర్థమైంది. నేనేమో నడుముకు తాళాలగుత్తి కట్టుకుని కలల్లో ఊరందరికీ పుస్తకాలు పంచుతున్నాను. పక్కన కూర్చుని అదే నూలు తోడే మనిషికి ఒక్క పేజీ చదివి వినిపించలేదు.

మర్నాటి నుంచీ మధ్యాహ్నం పూట కండెలు పక్కన పెట్టి, రోజూ వచ్చే పేపరే పైకి చదువుతున్నాను. ఆమెకు ధరల వార్తలంటే ఇష్టం, తప్పులు పడుతుంది కూడా. చిన్నాడు దూరంగా సెల్‌ఫోన్ పట్టుకుని విననట్టు వింటున్నాడు.

వేటపాలెం ప్రయాణానికి ఆవకాయ అడ్డం వస్తుందని నేనంటే, “కాయలు ఈ వారమే కోయించండి, అది తెమిల్తే పోదాం,” అని అత్తగారు తీర్మానం చేసింది. ఆటో అబ్బాయికి చెప్పాం. ఆమె పెట్టెలోంచి నీలంరంగు చీర తీసి దండెం మీద ఆరేసింది.

“ఆ నాటి పేపరు అక్కడ లేకపోతేనో?” అన్నారు మావారు.

“లేకపోతే గాంధీగారి కర్ర చూసొస్తాం,” అంది అత్తగారు.

చిన్నాడు మాత్రం పొట్లం కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. మిగతా కథ అక్కడ దొరుకుతుందేమో తనే అడుగుతాడట.