నేల బాగుచేసేది ఒకరు, పట్టా ఇంకొకరిది: నార్కట్‌పల్లి చెలకల్లో కౌలు రైతు ప్రకృతి సేద్యం

పై వీడియోలో జీవామృతం కలిపే పద్ధతి చూపించలేదు. 200 లీటర్ల డ్రమ్ము, 10 కిలోల పేడ, బెల్లం, శనగపిండి లెక్క మీకు నిద్రలో లేపి అడిగినా వస్తుంది. ఈసారి సంగతి వేరే. ఆ డ్రమ్ము ఏ భూమిలో గుమ్మరిస్తున్నామో ఆ భూమి కాగితం ఎవరి పేరున ఉంది అన్నదే ఈ వ్యాసం.

నార్కట్‌పల్లి తెలిసినోళ్లకు చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ నుంచి విజయవాడ పోయే హైవే మీద ఊరు. అద్దంకి రోడ్డు చీలేది ఇక్కడే. రోడ్డు పొంటి వెంచర్లు, తెల్ల రంగేసిన హద్దురాళ్లు. నాలుగడుగులు లోపలికి పోతే ఎర్ర చెలకలు, పత్తి, కంది, బోరు ఆడిన కాడ వరి, అక్కడక్కడ బత్తాయి తోట. చూసే కన్నుంటే ఇక్కడ పాస్‌బుక్కు తెరవకుండానే భూమి ఎవరిదో కొంత చెప్పొచ్చు. బత్తాయి మొక్క కాపుకు రావడానికి నాలుగైదేండ్లు పడుతుంది, బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏండ్లు కాస్తుంది. అంటే తోట ఉన్న చోట సొంతదారే చేస్తున్నాడని దాదాపు ఖాయం. కౌలుకు చేసేటోడు ఎక్కువగా పత్తే పెడతాడు. వానకాలం పెట్టి సంక్రాంతి దాటేలోపు ఏరుకునే పంట అది. ఆయనకు ప్రకృతి సేద్యం మీద నమ్మకం లేక కాదు, వచ్చే ఉగాదికి ఆ చెలక తన చేతిలో ఉంటదో లేదో తెలియక.

మన పద్ధతికి కావాల్సింది కాలం. యూరియా ఆపిన మొదటి ఏడు చాలామందికి దిగుబడి తగ్గుతుంది. చెలక నేలలో సేంద్రియ పదార్థం తక్కువ, నీళ్లు పట్టి ఉంచే గుణం తక్కువ. చెరువు పూడిక మట్టి తోలించాలి, పెంట ఎరువు వేయాలి, గొర్ల మంద పెట్టించాలి, గెట్ల మీద గిరిపుష్పం నాటాలి. ఇందులో ఏదీ ఒక్క పంటకు తీరే ఖర్చు కాదు. 2015లో మిషన్ కాకతీయ మొదలైనప్పుడు చెరువుల్లో మట్టి సర్కారే తవ్వించింది, ట్రాక్టర్ కిరాయి మాత్రం రైతుదే. ఆ మట్టి పోసిన చెలకలో ఫలితం ఏండ్ల తరబడి ఉంటుంది. మరి ట్రాక్టర్ కిరాయి పెట్టిన కౌలుదారు మూడో ఏడు ఆ చెలకలో ఉన్నాడా? మట్టి మాత్రం ఉంది.

సర్టిఫికేషన్ సంగతి చూడండి. ఎన్‌పీఓపీ లెక్కలో ఏడాది పంటలకు రెండేండ్లు, తోటలకు మూడేండ్లు మార్పిడి కాలం. కౌలు మాట మాత్రం ఉగాది నుంచి ఉగాదికి. పక్క ఆంధ్రలో 2019లో తెచ్చిన పంట సాగుదారు హక్కుల చట్టం కింద ఇచ్చే పత్రం కూడా 11 నెలలకే, దాని మీదా భూమి యజమాని సంతకం కావాలి. పదకొండు నెలల కాగితంతో రెండేండ్ల మార్పిడి ఎట్ల పూర్తి చేస్తారో ఎవరూ చెప్పరు.

మన దగ్గర 2011 నాటి చట్టం ఒకటుంది, కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చేది. అదీ ఒక్క ఏడాదికే చెల్లుతుంది. ఊళ్లల్లో ఆ కార్డు కనబడుడే అరుదు. వెనుక పహాణీలో అనుభవదారు కాలమ్ ఉండేది, దున్నేటోడి పేరు అందులో పడేది. 2020లో ధరణి వచ్చినంక ఆ కాలమ్ పోయింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూ భారతి మొదలైంది.

కాగితం లేకపోతే ఏం పోతుంది? ముందు పైసలు. 2018లో రైతుబంధు ఎకరానికి సీజన్‌కు 4,000తో మొదలైంది, ఇప్పుడు రైతు భరోసా 6,000. నాలుగెకరాలకు ఏడాదికి 48,000 రూపాయలు, పోయేది పట్టాదారు ఖాతాకు. ఆయన హైదరాబాద్‌లో ఉన్నా, అమెరికాలో ఉన్నా అంతే. ఇంకా బరువైంది రైతు బీమా. 18 నుంచి 59 ఏండ్ల రైతు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి 5 లక్షలు. మంచి పథకం, కాదనను. కానీ పాస్‌బుక్కు ఉంటేనే. ఇద్దరు పక్కపక్క చెలకల్లో ఒకే ఎండలో దున్నుతుంటే, ఒకరు పోతే ఇంటికి 5 లక్షలు, ఇంకొకరు పోతే అప్పు పత్రాలు.

భూమి యజమానిని తిట్టి ఊరుకుంటే సరిపోదు. ఆయన భయానికీ చరిత్ర ఉంది. 1950 నాటి హైదరాబాద్ కౌలుదారీ చట్టం రక్షిత కౌలుదార్లను గుర్తించింది, తర్వాత 38-ఇ సర్టిఫికెట్లతో వాళ్లలో చాలామంది హక్కుదారులయ్యారు. 1951 ఏప్రిల్ 18న అప్పట్లో ఇదే జిల్లాలో ఉన్న పోచంపల్లిలో వినోబా భావే అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇచ్చి భూదానం మొదలుపెట్టారు. దానం ఒకరిద్దరు చేస్తారు, చట్టం అందరినీ కదిలిస్తుంది. ఆ కాలం నుంచి 'పేరు రాస్తే భూమి పోతది' అన్న మాట ఇండ్లల్లో నిలిచిపోయింది. ఇప్పటి పట్టాదారుల్లో చాలామంది ఐదెకరాల లోపు వాళ్లే, వాళ్ల భయం దొరల భయం కాదు. భూమి తప్ప ఇంకేం లేని వాళ్ల భయం.

సాదా బైనామా మీద కొనుక్కున్నోళ్లది మూడో రకం తిప్పలు. తెల్ల కాగితం మీద రాసుకొని, పైసలిచ్చి, ఇరవై ఏండ్లుగా దున్నుతున్నా రికార్డులో పాత పేరే. 2014 జూన్ 2 కంటే ముందు కొని, 2020 అక్టోబర్ 12 నుంచి నవంబర్ 10 మధ్య దరఖాస్తు పెట్టుకున్న చిన్న, సన్నకారు రైతులకు కొత్త చట్టంలో దారి పెట్టారు. దరఖాస్తు రసీదు ఉంటే జాగ్రత్తగా దాచుకోండి. చెట్లు పెట్టే ముందు తహసీల్ ఆఫీసులో ఆ పని ఏ దశలో ఉందో కనుక్కోండి.

ఇంకో దేశం సంగతి చెబుతాను. ఇండోనేషియాలో 1960లోనే పాలు సేద్యం మీద చట్టం చేశారు. వరి మడికి కనీసం 3 ఏండ్లు, మెట్ట భూమికి కనీసం 5 ఏండ్లు ఒప్పందం ఉండాలి అని. మెట్టకే ఎక్కువ ఏండ్లు అన్నది గమనించండి. మెట్ట నేల కోలుకోవడానికి టైం పడుతుందని మన చెలక రైతుకు తెలిసిందే అది. అక్కడ కూడా ఆ చట్టం అమలు అంతంతమాత్రమే, అది వేరే మాట. లవంగాలకు పేరున్న మలుకు దీవుల్లో ఇంకో ఆచారం ఉంది. భూమి వంశానిది అయినా, నాటిన చెట్టు నాటినోడిది.

ఇది మనకు కొత్తా? గెట్టు మీద తాటిచెట్టును చూడండి. చెలక పట్టా ఒకరిది, కల్లు గీసే లైసెన్సు గీత సొసైటీది. ఆబ్కారీ అనుమతి లేకుండా పట్టాదారు ఆ చెట్టు కొట్టలేడు. భూమి ఒకరిది, దాని మీది ఫలం ఇంకొకరిది అనే లెక్క మన ఊళ్లల్లో నడుస్తూనే ఉంది. తాటిచెట్టుకు ఉన్న లెక్క మట్టిలో పెరిగిన సారానికి ఎందుకు ఉండకూడదు?

సర్కారు చేసేదాకా చేతులు ముడుచుకొని కూర్చోలేం. ఏడాది దాటిన కౌలుపత్రం చెల్లాలంటే 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం రిజిస్టర్ కావాలి, అందుకే అందరూ 11 నెలలని రాసుకుంటారు. రిజిస్టర్ చేయించుకోగలిగితే మంచిదే. యజమాని ఒప్పుకోకపోతే కనీసం ఇద్దరు పెద్దమనుషుల ముందట మాట రాసుకోండి. మూడేండ్లు అడగండి. భూమి మీద హక్కు అడగనని మొదటి వాక్యంలోనే రాయండి, ఆయన భయం సగం అక్కడే పోతుంది. మట్టి తోలించిన ఖర్చు, గొర్ల మంద ఖర్చు తేదీలతో రాయండి. మన దగ్గర వెంచరోడు ఎప్పుడొస్తాడో తెలియదు కాబట్టి అమ్మకం షరతు తప్పకుండా పెట్టండి. మట్టికి 30,000 పెట్టారనుకోండి, మూడేండ్లకు పంచితే ఏడాదికి 10,000. మొదటి ఏడు దాటంగనే భూమి అమ్మితే మిగిలిన 20,000 యజమాని ఇవ్వాలి. గెట్టు మీద నాటిన గిరిపుష్పం కొమ్మలు కొట్టుకునే హక్కు ఎవరిదో, బోరు మోటారు కాలితే రిపేరు ఎవరిదో కూడా రాయండి. మోటారు కాడనే ఎక్కువ లొల్లులు అయ్యేది.

భూమి యజమానులు ఈ వీడియో చూస్తుంటే వాళ్లకు ఒక్క మాట. మూడేండ్లు పెంట, పూడిక మట్టి పడ్డ చెలకను, మూడేండ్లు యూరియా, కలుపు మందు తిన్న చెలకను ఒక్కసారి పార పెట్టి తవ్వి చూడండి. వానపాములు ఎందులో ఉన్నాయో లెక్కపెట్టుకున్నాకే వచ్చే ఉగాదికి కౌలుదారును మార్చాలో వద్దో ఆలోచించండి.