పొగ పలికే సాక్ష్యం

పర్వతం మీద పొగ కనిపిస్తే అక్కడ నిప్పు ఉన్నదని గ్రహించడం తర్కశాస్త్రంలో సుప్రసిద్ధమైన ఉదాహరణ. కనిపించే గుర్తును ఆధారం చేసుకొని కనిపించని దానిని తెలుసుకోవడాన్ని నైయాయికులు అనుమాన ప్రమాణం అన్నారు. పాత డీజిల్ లారీని పరీక్షించే మెకానిక్ అనుసరించేదీ ఈ మార్గమే. అయితే నిప్పు ఉన్నదని తెలిసినంతమాత్రాన అతని పని పూర్తికాదు. ఆ నిప్పు సరిగా మండకపోవడానికి కారణమేమిటో అతడు పొగను చూసి తేల్చుకోవాలి.

జర్మన్ ఇంజనీరు రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్ నగరంలో తన ఇంజనును విజయవంతంగా నడిపి చూపాడు. పెట్రోలు ఇంజనులో వలె ఇందులో ఇంధనాన్ని ముట్టించే స్పార్క్ ప్లగ్ ఉండదు. సిలిండరులోని గాలిని పిస్టన్ సుమారు పదహారో వంతుకు కుదించగా, ఆ గాలి 500 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడెక్కుతుంది. అప్పుడు నాజిల్ చిమ్మిన డీజిల్ తుంపర తనంతట తానే అంటుకొంటుంది. కాబట్టి ఇంజను స్టార్టు కావడానికి మూడు అంశాలు కావాలి. అవి తగిన వేగం, తగిన ఒత్తిడి, సకాలంలో అందే ఇంధనం. వీటిలో ఏది లోపించినా లారీ మొరాయిస్తుంది.

మొదట గమనించవలసింది వేగాన్ని. సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను మందకొడిగా తిరిగితే గాలి తగినంతగా వేడెక్కదు. అప్పుడు బ్యాటరీలను, వాటి తీగల చివర పేరుకొన్న తుప్పును, సెల్ఫ్ మోటారును చూడాలి. ఇంజను చురుకుగా తిరుగుతున్నా సైలెన్సర్ నుంచి ఏమాత్రం పొగ రాకపోతే, సిలిండరుకు డీజిల్ అందడం లేదని అర్థం. ఫిల్టరు మూసుకొనిపోయి ఉండవచ్చు, లేదా గొట్టంలో గాలి చేరి ఉండవచ్చు. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న గొట్టంలో చిన్న పగులు ఉంటే, ఇంజను నడుస్తున్నప్పుడు డీజిల్ బయటకు కారదు. గాలే లోపలికి పోతుంది. అందుకే ఆ లోపం కంటికి దొరకదు. రాత్రంతా లారీ నిలిచి ఉంటే డీజిల్ ట్యాంకులోకి వెనుదిరుగుతుంది. హ్యాండ్ పంపు కొట్టి గాలి తీస్తే బండి కదులుతుంది కాని, మరునాడు మళ్లీ అదే కథ. ఆ భాగంలో కొంతసేపు పారదర్శకమైన గొట్టం అమర్చి చూస్తే గాలి బుడగలు బయటపడతాయి.

ఇక పొగ రంగులు. తెలుపు పొగ కళ్లను మండిస్తే, అది మండని డీజిల్ ఆవిరి. ఒత్తిడి తగ్గడం, నాజిల్ కారడం, ఇంధనం ఆలస్యంగా చిమ్మడం దీనికి కారణాలు. ఇంజను వేడెక్కిన తరువాత కూడా తెల్లని ఆవిరి ఆగక, రేడియేటరులో నీరు తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్‌ను శంకించాలి. నలుపు పొగ గాలికి మించిన ఇంధనాన్ని సూచిస్తుంది. ముందుగా ఎయిర్ ఫిల్టరును, ఆ తరువాత నాజిళ్లను, మోస్తున్న బరువును పరిశీలించాలి. నీలం పొగ ఇంజను ఆయిల్ మండుతున్నదనడానికి గుర్తు. పిస్టన్ రింగులో, వాల్వ్ గైడులో అరిగి ఉంటాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఒకే లక్షణానికి అనేక కారణాలుండవచ్చు. తెలుపు పొగను చూడగానే రింగులు అరిగాయని నిర్ణయించడం తార్కికులు హెచ్చరించిన హేత్వాభాసమే. కారుతున్న నాజిల్ వల్ల కూడా అదే పొగ వస్తుంది. ఒత్తిడిని గేజీతో కొలవకుండా ఇంజను దించితే, వాయిదాలు చెల్లిస్తూ ఒకే లారీపై బతికే కుటుంబం అప్పుల పాలవుతుంది. అందువల్ల సులభమైన, చవకైన పరీక్షలు ముందు, ఖరీదైనవి చివర జరగాలి.

పరీక్షించే మనిషి క్షేమం కూడా ముఖ్యమే. అధిక పీడనంతో నాజిల్ చిమ్మే డీజిల్ చర్మాన్ని చీల్చుకొని లోపలికి పోగలదు. దానికి చేయి అడ్డుపెట్టరాదు. మూసిన షెడ్డులో ఇంజను నడపరాదు. డీజిల్ పొగ క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా సంస్థ 2012లో ప్రకటించింది. ఆ పొగను ముందుగా పీల్చేది బండి వెనుక నిలబడిన క్లీనరే.

పొగ అబద్ధమాడదు, తొందరపడి దాని మాటను అపార్థం చేసుకొనేది మనమే. చూచినదానిని మరొక పరీక్షతో సరిచూచుకొన్నప్పుడే ఊహ జ్ఞానమవుతుంది. శాస్త్రమైనా, వృత్తి అయినా మనకు నేర్పే క్రమశిక్షణ ఇదే.